ఎవరో ఒకరు దొరకాలట

ముప్పై నాలుగేళ్లకే రిటైరైన మనిషిని నేను. పింఛను లేదు, శాలువా కప్పలేదు, గోడ గడియారం ఇవ్వలేదు. నిజానికి నేను ఉద్యోగం మానేశాను. కానీ మా అమ్మ చర్చిలో అందరికీ "మా సామ్యేలు రిటైరయిండు" అని చెప్పుకుంటోంది. మానేసిండు అంటే పరువు తక్కువట. కన్నతల్లి మాట కాదనలేక నేనూ అదే ఖాయం చేసుకున్నాను.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఒక పెద్ద హోటల్ ఉంది. ఒక ప్రైవేటు ఏజెన్సీ తరఫున దాని గేటు దగ్గర గార్డుగా చేరాను, షిఫ్టు ఇన్‌చార్జిగా బయటికొచ్చాను. గార్డుకు విజిల్ ఇస్తారు, ఇన్‌చార్జికి వాకీటాకీ ఇస్తారు. నా పదోన్నతుల చరిత్ర ఇంతటితో సమాప్తం. హోటల్ పేరు చెప్పను, ఏజెన్సీ పేరూ చెప్పను. ఆ రోడ్డు మీద హోటళ్లకు కొదవ లేదు కాబట్టి మీకు నచ్చింది అనుకోండి.

పొద్దున ఆరాంఘర్ చౌరస్తాలో నిలబడితే కొత్త యూనిఫాంలు కనబడతాయి. ఇస్త్రీ మడత ఇంకా పోని చొక్కాలు, పాదం కన్నా పెద్ద బూట్లు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు శిక్షణలో మంటలు ఆర్పడం నేర్పుతారు, సెల్యూట్ కొట్టడం నేర్పుతారు, ఉగ్రవాదం గురించి ఒక పూట క్లాసు కూడా చెప్తారు. ఆ పూటలో పట్టని సంగతులు కొన్ని ఉన్నాయి.

అద్దంలో కనబడేవి

కారు కిందికి తోసి చూసే గుండ్రటి అద్దం ఉంటుంది కదా, నా ఉద్యోగంలో సగం దానితోనే గడిచింది. ఆ అద్దంలో లోకమంతా తలకిందులుగా కనబడుతుంది, బురదతో సహా. తీగతో కట్టిన సైలెన్సర్లు చూశాను. హాయిగా నిద్రపోతున్న పిల్లిని చూశాను. కారు యజమాని ఆ పిల్లిని కొత్తూరు నుంచి మోసుకొచ్చాడు, పాపం ఆయనకే తెలియదు.

అన్నిటికన్నా ఎక్కువగా చూసినవి దిష్టి మూటలు. నల్లగుడ్డలో పటికో, కొబ్బరికాయో, ఇంకేదో చుట్టి, తీగతో బిగించి, బంపరు వెనక ఎవరికీ కనబడకుండా కడతారు. మాకిచ్చిన పాఠం ప్రకారం వాహనం అడుగున తీగతో కట్టిన నల్లమూటను మించిన అనుమానాస్పద వస్తువు ఈ భూమ్మీద లేదు. రోజుకెన్నో చూశాం. ఒక్క గార్డూ విజిల్ వేయలేదు. అది మాకు తెలిసిన మూట. మా ఇళ్లలోనూ, మా బండ్లకూ ఉన్న మూటే. మా అమ్మ పక్కా క్రైస్తవురాలు అయినా, నా మోటారు సైకిలుకు పక్కింటావిడ కట్టిన నిమ్మకాయను మాత్రం చూడనట్టే ఊరుకుంది.

నాకు అప్పుడర్థమైంది. మన కన్ను ప్రమాదాన్ని వెతకడం లేదు, అలవాటు లేనిదాన్ని వెతుకుతోంది. రెండూ ఒకటే అనుకోవడం సుఖంగానే ఉంటుంది. ఆ సుఖానికి ధర మాత్రం ఇంకెవరో కడతారు.

మీ అద్దం వల్ల ఎప్పుడైనా ఏదైనా ఆగిందా అని అడుగుతారు. నాకు తెలియదు. ఆగిపోయినవాడు వచ్చి, అన్నా నీ అద్దం చూసి వెనక్కి పోతున్నా అని చెప్పి వెళ్లడు కదా.

గంటలో పేలే బాంబు

మా ఏజెన్సీ ఏరియా మేనేజరు మూర్తిగారు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. చొక్కా గుండీ ఊడినా మాటలో 'గారు' ఊడదు. ఆయన దగ్గర మంచి విషయాలు నేర్చుకున్నాను. సంచి తెరవమనే ముందు ఎందుకో చెప్పాలి. మనిషి ముఖం చూసి మాట్లాడాలి, సంచి చూసి కాదు. ఇవి ఆయన చెప్పినవే. తర్వాత ఆయన మర్చిపోయినా, నేను మర్చిపోలేదు.

ఉగ్రవాదం క్లాసు కూడా ఆయనదే. అందులో ఒక లెక్క ఇచ్చేవారు. బాంబు పెట్టారు, గంటలో పేలుతుంది. ఎక్కడ పెట్టారో తెలిసినవాడు మీ చేతికి చిక్కాడు, నోరు విప్పడం లేదు. కొడతారా, కొట్టరా? కొత్తవాళ్లందరూ ముక్తకంఠంతో కొడతామనేవారు. ఒకడైతే దేనితో కొట్టాలో కూడా అడిగాడు. వాడికి ఉద్యోగం మీద శ్రద్ధ ఎక్కువ.

నా వంతు వచ్చినప్పుడు నేను అడిగింది ఒక్కటే.

"సార్, ఆయనకు తెలుసని మనకెట్ల తెలిసింది?"

"అది లెక్కలోనే ఇచ్చానయ్యా. తెలుసు అనుకోమన్నాను కదా."

"అనుకున్నంక కొట్టుడు అల్కగనే ఉంటది సార్. అనుకునుడే కష్టం."

క్లాసు నవ్వింది. ఆయనా నవ్వారు. నేను మాత్రం నవ్వడానికి అనలేదు. ఆ లెక్కలో అన్నీ ముందే ఇచ్చేశారు. దోషి ఎవరో ఇచ్చారు, బాంబు ఉందని ఇచ్చారు, గడియారం కూడా ఇచ్చారు. గేటు దగ్గర ఏమీ ఇవ్వరు. ఒక ముఖం, ఒక సంచి, వెనక హారన్లు. అంతే. ఆ లెక్క పైకి మనల్ని కొట్టమని అడుగుతున్నట్టు ఉంటుంది. అసలు అడిగేది, వీడే అని మనకు ముందే తెలుసని ఒప్పుకోమని. ఆ ఒక్కటి ఒప్పుకున్నామంటే మిగతాదానికి మన అవసరం కూడా ఉండదు, చెయ్యి దానంతటదే లేస్తుంది.

కొడితే అందరూ నిజమే చెప్తారనేది ఇంకో ముచ్చట. మా బడిలో సారు కొట్టినప్పుడు నేను చేయని తప్పులు చాలా ఒప్పుకున్నాను. కిటికీ అద్దం పగిలినప్పుడైతే నేను బడికే పోలేదు.

యాదయ్య కాలు

నా షిఫ్టులో యాదయ్య అని పెద్దాయన ఉండేవాడు. కొత్తూరు దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు ఒకప్పుడు. సిటీకి పనిమీద పోయి, సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీ తింటుంటే పక్కన బాంబు పేలింది. ప్రాణం దక్కింది, ఎడమకాలు మాత్రం సగమే ఆయన మాట వింటుంది. ఫ్యాక్టరీ వద్దంది, మా ఏజెన్సీ తీసుకుంది. కుంటుతూ నడిచే సెక్యూరిటీ గార్డు ఏం కాపాడతాడని జోకులేసిన మొదటి మనిషిని నేనే, నవ్విన మొదటి మనిషి ఆయనే.

ఒక రోజు క్యాబు కోసం నిలబడ్డ గెస్టు ఒకాయన ఫోనులో ఎవరితోనో గట్టిగా చర్చిస్తున్నాడు. ఒకరికి ఉగ్రవాది అయినవాడు ఇంకొకరికి వీరుడు, అంతా చూసే కోణంలో ఉంది అంటున్నాడు. ఫోను పెట్టేశాక మమ్మల్ని కూడా చర్చలోకి పిలిచాడు, పెద్ద మనసు. యాదయ్య తాపీగా చెప్పాడు.

"నేను బజ్జీలు తిన వోయిన సార్. ఏ పార్టీల లేకుంటి."

గెస్టు ఏదో చెప్పబోయాడు. తత్త్వం మధ్యలో క్యాబు వచ్చేసింది.

నా మాట నేను చెప్తాను. పోరాటాలకు కారణాలుంటాయి. కొన్ని నిజమైన కారణాలే, అన్యాయం జరిగిన చోట జనం చేతులు ముడుచుకుని కూర్చోవాలని నేను చెప్పను. కానీ బజ్జీల బండి పక్కన సంచి వదిలిపోయినవాడికి యాదయ్య ఎవరో తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. ఎవడైతే ఏంది, ఎవరో ఒకరు చస్తే చాలు. ఆ పనికి పునాదే అది. ఆ పునాది మీద ఎంత గొప్ప కారణం కట్టినా కూలుతుంది. ప్రభుత్వాలు చంపడం లేదా, యుద్ధాల్లో పిల్లలు చావడం లేదా అని అడుగుతారు. చంపుతున్నాయి, చస్తున్నారు, అదీ తప్పే. పక్కవాడి తప్పు చూపిస్తే మన తప్పు మాఫీ చేసే బ్యాంకు నాకైతే ఎక్కడా కనబడలేదు.

ఫోను వచ్చిన రోజు

ఒక మధ్యాహ్నం రిసెప్షన్‌కు ఫోను వచ్చింది. హోటల్లో బాంబుందని చెప్పి పెట్టేశారు. అందరినీ బయటి పచ్చికలోకి తీసుకొచ్చాం. ఆ రోజు లోపల ఎవరిదో నిశ్చితార్థం ఉంది. ఒకాయన ప్రాణభయంతో పరుగెత్తుతూ కూడా బిర్యానీ ప్లేటు వదల్లేదు, ఒక్క మెతుకు ఒలకలేదు. పోలీసులు వచ్చారు, కుక్కలు వచ్చాయి, గదిగదీ వెతికారు, ఏమీ లేదన్నారు. ఎవరో ఆకతాయి పని. ఆ రోజు గాబరా పడకుండా డ్యూటీ చేసింది కుక్కలే.

కథ అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. మరుసటి వారం హోటల్లో ఒక పెద్ద కంపెనీ సమావేశం ఉంది. ఆ సాయంత్రమే వాళ్లు ఫోను చేసి, మీరేం చర్య తీసుకున్నారని అడిగారు. వెతికాం, ఏమీ దొరకలేదు అంటే అది చర్య కాదట. చర్య అంటే ఎవరో ఒకరు దొరకాలి.

సరిగ్గా ఆ రోజు పొద్దునే, బాంబు ఫోను రాకముందు, మా గేటు దగ్గర ఒక చిన్న ముచ్చట జరిగింది. ఇమ్రాన్ అని హోటల్ వ్యాను డ్రైవరు, దగ్గర్లోని మంఖాల్ ఊరి మనిషి. గెస్టులను ఎయిర్‌పోర్టుకు దింపడం, ఎక్కించుకు రావడం ఆయన పని. కొత్తగా చేరిన గార్డు ఒకడు, వేరే రాష్ట్రం కుర్రాడు, మెటల్ డిటెక్టరు పెడితే ఇమ్రాన్ కుడిచేతి దండ దగ్గర, మోచేతికి పైన, కూసింది. చొక్కా కింద పచ్చగుడ్డ కట్టు, అందులో ఏదో బిళ్ల. విప్పమన్నాడు గార్డు. చూపిస్త గానీ విప్పనన్నాడు ఇమ్రాన్.

ఇక్కడివాళ్లకు అది ఏమిటో తెలుసు. ముస్లింల ఇళ్లలో మనిషి ప్రయాణం పోయేటప్పుడు పెద్దవాళ్లు నాణేన్ని గుడ్డలో చుట్టి దండకు కడతారు. ఇమామ్ జామిన్ అంటారు. క్షేమంగా చేరాక విప్పి, ఆ నాణేన్ని పేదవాళ్లకు ఇచ్చేయాలి. ప్రయాణం ముగియకుండా విప్పకూడదు. ఇమ్రాన్‌కు ఒకసారి హైవే మీద యాక్సిడెంటు అయినప్పటి నుంచి వాళ్లమ్మ లెక్కలో కొడుకు చేసే ప్రతిదీ ప్రయాణమే. హోటల్ నుంచి ఎయిర్‌పోర్టుకు పోయొస్తే కూడా ప్రయాణమే. అందుకని ప్రతి శుక్రవారం పాతది విప్పి పేదవాళ్లకు ఇప్పించి, కొత్తది కడుతుంది. వాళ్ల వీధి చివర కూర్చునే పేద ముసలాయనకు అదొక నెలజీతంలా అయిపోయిందని ఇమ్రానే నవ్వేవాడు.

పొద్దున నేను వెళ్లి, గుడ్డ మీదుగా నాణెం తడిమి చూసి పంపేశాను. ఆ గార్డుది కూడా తప్పు కాదు. తెలియనిది కనబడింది, అడిగాడు, పైకి చెప్పాడు. నేర్పింది అదే. సాయంత్రానికి మాత్రం ఆ ముక్క మీటింగులోకి ఇంకో వేషంలో వచ్చింది. చేతికి ఏదో కట్టుకుని, అడిగితే విప్పనన్నాడు, అదే రోజు ఫోను వచ్చింది.

మీటింగు

హోటల్ మేనేజరు గదిలో కూర్చున్నాం. ఆయన, మూర్తిగారు, నేను, ఆ పొద్దున గేటులో ఉన్నాడు కాబట్టి యాదయ్య. ఇమ్రాన్ బయట బెంచీ మీద ఉన్నాడు. తలుపు అద్దంలోంచి కనబడుతున్నాడు.

మూర్తిగారు చాలా మర్యాదగా చెప్పారు. ఎవరినీ జైల్లో పెట్టమనడం లేదట. ఇతని ప్రవర్తన మీద మాకు అనుమానం ఉందని షిఫ్టు ఇన్‌చార్జిగా నేను పోలీసులకు ఒక్క మాట చెప్తే, హోటల్ ఇతన్ని పక్కన పెడుతుంది, కంపెనీ వాళ్లకు ఊరట కలుగుతుంది. తర్వాత విచారించి ఏమీ లేదని తేలిస్తే మంచిదేగా అన్నారు.

ఆ ఒక్క మాట విలువ గదిలో అందరికీ తెలుసు. బాంబు కేసులో పోలీసులు పిలిపించారట అన్న వాక్యం ఈ రోడ్డు మీద ఒక్కసారి నడిస్తే చాలు, ఇమ్రాన్‌కు ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల స్టీరింగు పట్టుకునే పని ఎవరూ ఇవ్వరు. తర్వాత ఏమీ లేదని తేలిన సంగతి ఆ రోడ్డు మీద నడవదు. దానికి కాళ్లుండవు.

"విచారించుండ్రి సార్, అందరినీ," అన్నాను. "నన్ను గూడ. నాకు ఆయన మీద అనుమానం లేదు. లేనిది ఉందని చెప్ప."

"ఇతను ఉగ్రవాది కాడని నువ్వు గ్యారంటీ ఇస్తావా సామ్యేలూ?"

"ఇయ్యలేను సార్. మీకు గూడ ఇయ్యలేను."

హోటల్ మేనేజరు దగ్గాడు. నేను ఆపలేదు, ఆపితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం ఉండేది కాదు. ఎవరికీ గ్యారంటీ ఇవ్వలేం కాబట్టే అందరినీ తనిఖీ చేస్తున్నామని చెప్పాను. పొద్దున ఇమ్రాన్‌ను తనిఖీ చేశాం, అయిపోయింది. ఇప్పుడు మీరు అడుగుతున్నది తనిఖీ కాదు, ముద్ర అన్నాను. మూర్తిగారి వైపు చూసి, మీ కారు బంపరు వెనక నల్లమూట ఉంది, మీరొచ్చినప్పుడల్లా అద్దంలో చూస్తాను, దాని మీద ఎన్నడూ రిపోర్టు రాయలేదు అని కూడా అన్నాను. అది అనకుండా ఉండాల్సింది. కానీ భలే ఆనందం కలిగింది.

మూర్తిగారి ముఖం మాడింది. ఆయన యాదయ్య వైపు తిరిగారు. "ఇదిగో, ఈయన్ని అడగండి. పేలుడంటే ఏమిటో ఈ గదిలో తెలిసినవాడు ఈయనొక్కడే. మనం మెతకగా ఉంటే ఏమవుతుందో ఈయన కాలు చెప్తుంది."

యాదయ్య నాతో ఏకీభవిస్తాడని నేను అనుకోలేదు. గడ్డం, టోపీ కనబడితే ఆయన ఒక అడుగు వెనక్కి వేయడం నేను చాలాసార్లు చూశాను. తన భయాన్ని ఆయన దాచుకోడు కూడా. మూర్తిగారి వైపు తిరిగాడు.

"నాకు భయమున్నది సార్. అబద్ధం చెప్ప. రాత్రి పటాకులు కాలిస్తే ఇప్పటికీ మంచం కిందికి పోత." ఎడమకాలు మీద చెయ్యి వేశాడు. "నా భయం నాది. దాన్ని అడ్డం వెట్టుకొని ఇంకొకని కడుపు కొట్టకుండ్రి. నా కాలు గిట్ల జేసినోడు గూడ గట్లనే అనుకున్నడు, ఎవడో ఒకడు అని."

ఏసీ శబ్దం వినబడింది. దానికి సర్వీసింగు అవసరం.

బాంబు పెట్టినవాడూ మూర్తిగారూ ఒకటే అని నేను చెప్పడం లేదు. ఒకరు చంపుతారు, ఒకరు కాంట్రాక్టు పోతుందని భయపడతారు, ఇద్దరినీ ఒక తక్కెడలో వేయడం అన్యాయం. మూర్తిగారికీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. కానీ ఎదురుగా ఉన్న మనిషి ఎవరో తెలుసుకోనక్కర్లేదు అనుకునే ఆ మొదటి మెట్టు ఒకటే. దాని మీద ఎవరు ఎంతదూరం ఎక్కుతారన్నది తర్వాతి సంగతి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఆ మెట్టు ఎక్కకండి. గేటు లోపలికి భయాన్ని రానివ్వకూడదనే కదా మనకు జీతం. దాన్ని మనమే సెల్యూట్ కొట్టి లోపలికి పంపితే ఇక అద్దం ఎందుకు?

చివరికి తేల్చింది హోటల్ మేనేజరు. తలనొప్పి తగ్గని మనిషిలా నుదురు రుద్దుకుంటూ, తనిఖీ కట్టుదిట్టం చేశామని కంపెనీ వాళ్లకు చెప్దాం, ఎవరి పేరూ వద్దు అన్నాడు. గొప్ప న్యాయం గెలవలేదు. ఒక అలసిపోయిన మనిషి ఇంటికి పోదామనుకున్నాడు. నాకు అది చాలు.

మూర్తిగారికి చాల్లేదు. వారం తిరగకుండా నన్ను కొత్తూరులో ఒక గోడౌనుకు వేశారు, మళ్లీ మామూలు గార్డుగా. విజిల్ కూడా పంపించారు. నేను విజిలూ యూనిఫామూ కలిపి తిరిగిచ్చేసి రిటైరయ్యాను. క్షమాపణ చెప్తే ఉంచుతామన్నారు. దేనికో చెప్పండి, ఆలోచిస్తా అన్నాను. వాళ్లింకా ఆలోచిస్తున్నట్టున్నారు.

ఆఖరి షిఫ్టు

హోటల్ గేటు దగ్గర నా చివరి రోజు పొద్దున ఇమ్రాన్ వ్యాను వచ్చింది. దిగాడు. దిగేటప్పటికే కుడిచేతి చొక్కా దండ దాకా మడిచి ఉంది, పచ్చగుడ్డ అందరికీ కనబడేలా. కొత్త గార్డు ఇంకా డిటెక్టరు తీయనే లేదు. ఇమ్రాన్ నా వైపు చూసి, చెయ్యి ముందుకు చాచాడు.

ఇన్నేళ్లలో నాకు కోపం వచ్చిన సందర్భాలు తక్కువ. అది ఒకటి. ఆయన మీద కాదు.

"చొక్కా దించు భాయ్," అన్నాను. "అడగకముందే చూపియ్యకు. ఎన్నడు గూడ."

"జల్ది అయిపోతది కదా అన్నా."

"కానీయి. లేటు కానీయి."

ఆయన నెమ్మదిగా మడత దించుకున్నాడు, గుండీ పెట్టుకున్నాడు. వెనక రెండు కార్లు హారన్ కొట్టాయి. కొత్త గార్డు అద్దంతో వ్యాను కింద చూశాడు, డిక్కీ తెరిపించాడు, తర్వాత డిటెక్టరు పెట్టాడు. దండ దగ్గర కూసింది.

"ఏంటిదన్నా?" అని అడిగాడు, వాడికొచ్చిన తెలుగులో.

"మా అమ్మ కట్టింది."

గార్డు గుడ్డ మీద చెయ్యి వేసి తడిమాడు, గేటు ఎత్తాడు.